పేటెంటు పత్రము వెనుకనున్న దస్త్రము

రాజపాళయమునకు ప్రక్కనున్న చత్రపట్టి ప్రాంతమున మరమగ్గములపై తయారగు బ్యాండేజి గుడ్డ, గాజు గుడ్డ మన దేశపు ఆసుపత్రులకే గాక పరదేశములకును పోవుచున్నవి. 1936లో పి.ఏ.సి. రామస్వామిరాజాగారు రాజపాళయము మిల్లును స్థాపించిన నాటినుండి నూలు వడకుట ఈ ఊరి ముఖ్య వృత్తులలో ఒకటియై నిలిచినది. సాదా గుడ్డ నేసి, సాదా నూలు వడకినంత కాలము పేటెంటు అను మాటతో మనవారికి అంతగా పని పడలేదు. ఇప్పుడట్లు కాదు. మందు పట్టించిన గాజు, రక్తమును త్వరగా గడ్డకట్టించు కట్టు, నీరు తక్కువ పట్టు అద్దకపు పద్ధతి, మగ్గమునకు తగిలించు చిన్న పరికరము, ఇట్టివానిలో దేనిని చేపట్టినను ఎవరిదో ఒకరి పేటెంటు ఎదురు కావచ్చును.

అట్టి పేటెంటును చేతబట్టుకొని ఒక కంపెనీవారి వకీలు మన నేతగాని కొకనికి నోటీసు పంపినాడనుకొందము. నోటీసుతోపాటు పేటెంటు నకలొకటి జతపరచి యుండును. దాని చివరి పుటలలో అంకెలు వేసిన పొడుగుపాటి వాక్యములు కొన్ని కనబడును. వానినే క్లెయిములందురు. వానిని చదివినచో తాను నేయుచున్న గుడ్డయే అందులో నున్నట్లు తోచును. అప్పుడు నేతగానికి రెండే దారులు కనబడును. పని మానుకొనుట యొకటి, అడిగిన సొమ్ము చెల్లించుట రెండవది. మూడవ దారి యొకటి కలదు. ఆ పేటెంటు ఏ విధముగా పుట్టినదో చెప్పు కాగితముల కట్టను, అనగా దాని దస్త్రమును, తీసి చదువుట. దానిని గూర్చి చెప్పుటకే ఈ వ్యాసము.

చెక్కుబందీయు మూలపత్రములును

భూమి కొనువాడు విక్రయపత్రములోని చెక్కుబందీ నొక్కదానినే చూచి సొమ్మియ్యడు. మూలపత్రములు అడుగును. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకు పోయి విల్లంగము సర్టిఫికెట్టు తీయించును. తూర్పున "వీధి" అని వ్రాసి యున్నచో, అది పాత పంచాయతీ వీధియా, లేక పంపకములలో అన్నదమ్ములు విడిచిన సందుదారియా అని విచారించును. ఏలయన హద్దును తెలుపు మాట ఒకటే యైనను, ఆ మాట అచ్చటికి ఎట్లు వచ్చినదో తెలిసినగాని హద్దు తెలియదు.

పేటెంటులో క్లెయిములు చెక్కుబందీ వంటివి. 1970 సంవత్సరపు పేటెంటుల చట్టము 10వ సెక్షను ప్రకారము వివరణ పత్రము చివరను, తాము కోరు హక్కు ఎంతవరకో నిర్ణయించు క్లెయిములు ఉండి తీరవలెను. కనిపెట్టిన వస్తువును పూర్తిగా వివరింపవలెనను కట్టుబాటు ఇంకను పాతది. ఇంగ్లండులో నూలు వడకు యంత్రములతో కోటీశ్వరుడైన రిచర్డు ఆర్కురైటు, దూది ఏకు యంత్రములపై 1775లో పొందిన పేటెంటును 1785లో కోర్టువారు రద్దుచేసిరి. తన పత్రమును చదివి ఇతరులు యంత్రమును చేయగలుగునట్లు అతడు వ్రాయలేదనుట అందుకు ముఖ్య కారణములలో నొకటి. ఆనాడు పత్రమును పరీక్షించు అధికారి లేడు. కావున వెనుక దస్త్రమనునదియు లేదు. పత్రములో నున్నదే సర్వము.

ఈనాడు పేటెంటు ఒక్క దినమున పుట్టదు. దరఖాస్తుదారుడు మొదట వీలైనంత వెడల్పుగా హక్కు కోరును. అది లోకసహజము, బేరములో మొదటి మాట ఎప్పుడును పెద్దదే. దరఖాస్తు సామాన్యముగా 18 నెలలకు ప్రకటింపబడును. పిమ్మట పరీక్ష కోరినవారి దరఖాస్తును పరీక్షకుడు పరిశీలించి, "ఈ సంగతి ఫలానా పాత పేటెంటులోనే కలదు, ఇందు క్రొత్త యేమి?" అని ఆక్షేపణలు వ్రాసి పంపును. దరఖాస్తుదారుడు బదులు చెప్పవలెను. తన వస్తువు పాతదానికంటె ఎందులో వేరైనదో వాదించును. వాదము చాలనిచో క్లెయిములో మాటలు చేర్చి హద్దును లోనికి జరుపుకొనును. అవసరమైనచో ముఖాముఖి విచారణ జరుగును. బయటివారు అభ్యంతరము దాఖలు చేయవచ్చును. ఇట్లు రెండు మూడు సంవత్సరములో, ఇంకను హెచ్చుగనో నడచిన తరువాత పేటెంటు చేతికి వచ్చును. అచ్చయిన పేటెంటులో ఈ బేరమంతయు కనబడదు. చివర కుదిరిన మాట మాత్రమే కనబడును.

ఒక ఊహాకల్పిత ఉదాహరణము చెప్పుదును. ఒకడు "మందు పట్టించిన పలుచని నూలుగుడ్డ కట్టు" అని క్లెయిము వ్రాసికొన్నాడు. మందు పట్టించిన గాజు యెప్పటినుండియో ఉన్నదని పరీక్షకుడు చూపినాడు. అప్పుడు వాడు "అంచులు మడచి ముద్రవేసిన" అని మాట చేర్చి, "పాత గాజులో అంచు విడిపోయి పోగులు గాయములో చిక్కుకొనును, నా కట్టులో అంచు విడిపోదు, అదే నా నూతనత్వము" అని జాబు వ్రాసి పేటెంటు పొందినాడు. రేపు మీరు అంచు మడవని గాజుకు మందు పట్టించి అమ్మినచో, "అంచు ముఖ్యము కాదు, మందే ముఖ్యము" అని వాడు మీపై దావా వేయవచ్చునా? పేటెంటు పత్రము మాత్రము చదివినవారికి ఈ ప్రశ్నకు బదులు తోచదు. ఆ జాబు చదివినవారికి వెంటనే తోచును.

ఎరుపు, పసుపు రంగుల దావా

ఈ సంగతి కోర్టులలో ఎట్లు నలిగినదో చూచుటకు మన వృత్తికి సమీపమైన దావా యొకటి అమెరికాలో కలదు. రంగులు తయారుచేయు హిల్టన్ డేవిస్, వార్నర్-జెంకిన్‌సన్ అను రెండు కంపెనీలకు నడుమ వచ్చిన తగవది. ఆ రంగులు గుడ్డకు వేయునవి గావు, ఆహారపదార్థములలో కలుపు ఎరుపు, పసుపు రంగులు. కాని రంగునుండి ఉప్పును, మలినమును వేరుచేయుట అనగా ఏమో అద్దకము చేయువారికి నేను చెప్పనక్కరలేదు.

హిల్టన్ డేవిస్‌వారు అతి సూక్ష్మమైన రంధ్రములుగల పొరగుండ రంగునీటిని ఒత్తిడితో వడకట్టి శుద్ధిచేయు పద్ధతికి 1985లో పేటెంటు పొందిరి. క్లెయిములో మూడు కొలతలు ఉన్నవి. పొర రంధ్రము 5 నుండి 15 ఆంగ్‌స్ట్రాములు. ఒత్తిడి చదరపు అంగుళమునకు సుమారు 200 నుండి 400 పౌనులు. ద్రావణపు పీహెచ్, అనగా పులుపు క్షారముల కొలత, సుమారు 6.0 నుండి 9.0 వరకు. ఈ మూడవ కొలతయే తగవునకు మూలము.

వార్నర్-జెంకిన్‌సన్‌వారు 1986లో తమంతట తాము ఇట్టి పద్ధతినే తయారుచేసికొనిరి. వారి పొర రంధ్రము క్లెయిములోని కొలతకు లోబడినదే. పీహెచ్ మాత్రము 5. ఈ సంగతి హిల్టన్ డేవిస్‌వారికి తెలియగా 1991లో దావా వేసిరి. 5 అను అంకె 6 నుండి 9 వరకు గల హద్దులో లేదని వారును ఒప్పుకొనిరి. అయినను అమెరికా న్యాయములో సమానతా సూత్రము అనునది యొకటి కలదు. మాటకు మాట సరిపడకున్నను, అదే పనిని అదే రీతిగా చేసి అదే ఫలితమును రాబట్టిన యెడల హక్కునకు భంగము కలిగించినట్లే యని దాని సారాంశము. చిన్న మార్పుతో పేటెంటు నెగవేయు టక్కరులను పట్టుటకు పుట్టిన సూత్రము. ఈ సూత్రముపైననే జూరీవారు హిల్టన్ డేవిస్ పక్షమున తీర్పు చెప్పిరి. 1995లో అప్పీలు కోర్టులోను న్యాయమూర్తులు రెండుగా చీలి, హెచ్చు సంఖ్యవారు అదే తీర్పును నిలిపిరి.

సుప్రీంకోర్టువారు 1997 మార్చి 3వ తేదీన ఆ తీర్పును త్రోసివేసిరి. వారు దస్త్రము తెరిచి చూచిరి. మొదట దాఖలైన క్లెయిములో పీహెచ్ మాటయే లేదు. అది నడుమ చేర్చబడినది. బూత్ అనునతని పాత పేటెంటులో ఇట్టి వడపోత పీహెచ్ 9కి పైన జరుగునని పరీక్షకుడు చూపుటవలన దరఖాస్తుదారులు ఈ కొలతను చేర్చిరి. పై హద్దు 9 ఎందుకు వచ్చినదో దీనివలన తేటతెల్లము. 9కి పైనున్న దానిని వారు విడుచుకొనిరి. మరల దాని నడుగుటకు వీలులేదు. కాని క్రింది హద్దు 6 ఎందుకు? బూత్ పేటెంటుతో దానికి పనిలేదు. 6కి క్రింద నురుగు వచ్చి పని చెడుననియు, అంతకు దిగువ పద్ధతి పనిచేయునని రుజువు కాలేదనియు ప్రతివాదులు చెప్పిరి. 2.2 వరకు పరీక్షించి చూచితిమి, నురుగువలన ఏమియు చెడలేదని వాదులు చెప్పిరి. మరి 6 అని ఏల వ్రాసితిరన్న దానికి మాత్రము వారియొద్ద సరియైన జవాబు లేకపోయెను.

ఇచ్చట సుప్రీంకోర్టువారు చెప్పిన నియమము మన పాఠకులు గుర్తుంచుకొనదగినది. క్లెయిములో ఒక మాటను ఎందుకు చేర్చితిరో చెప్పవలసిన భారము పేటెంటుదారునిదే. కారణము చెప్పలేని పక్షమున, పేటెంటు సంపాదించుటకై చేసిన సవరణగానే కోర్టు దానిని భావించును. అప్పుడు ఆ మాట విషయమున సమానతా సూత్రము అక్కరకు రాదు. కారణము చూపుటకు వాదులకు అవకాశమిచ్చు నిమిత్తము కేసును క్రిందికి పంపిరి. అనగా కోట్ల రూపాయల వ్యాపారము, ఎన్నడో ఒక గుమాస్తా వకీలు దరఖాస్తులో చేర్చిన ఒక్క అంకెపై వచ్చి నిలిచినది.

ఇది వారు క్రొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. 1966 ఫిబ్రవరిలో అదే కోర్టు పురుగుమందు చిమ్ము సీసా మూతను గూర్చిన దావాలో ఇట్లే చేసినది. స్కాగిన్ అను నతడు మొదట మూతయంతటిపైన హక్కు కోరి, పరీక్షకుడు ఒప్పుకొనకపోగా, మందు కారకుండ బిగించు ఒక చిన్న అమరికకే క్లెయిమును కుదించుకొని పేటెంటు పొందెను. కోర్టుకు వచ్చి మరల మొత్తము మూత నాదనగా వారు అంగీకరింపలేదు. క్లెయిములను దస్త్రముతో కలిపి చదువవలెననిరి. ఆ దినములలో అమెరికా ఆఫీసులో ఒక్కొక్క దరఖాస్తు కాగితములును ఒక్కొక్క అట్టతొడుగులో పెట్టి ఉంచెడివారు. అందుచే దస్త్రమునకే "తొడుగు" అను పేరు వచ్చినది. ఇప్పుడు తొడుగు పోయినను పేరు వకీళ్ల నోట నిలిచియున్నది.

సవరణ చేసినంత మాత్రమున అంతయు పోయినట్లేనా యను ప్రశ్న తరువాత ఫెస్టో దావాలో వచ్చెను. మిల్లులలో గాలి ఒత్తిడితో నడచు సిలిండర్లను ఎరుగని ఫిట్టరు లేడు. అట్టి సిలిండరు తగవే అదియు. ఫెస్టోవారి క్లెయిములలో రెండు సీలింగు రింగులు, అయస్కాంతమునకు లొంగు లోహపు తొడుగు అని సవరణలు చేరియుండెను. ఎదుటివారు ఒక్క రింగుతో, అల్యూమినియపు తొడుగుతో చేసిరి. 2002 మే నెలలో సుప్రీంకోర్టువారు మధ్యమార్గము పట్టిరి. సవరించినవాడు నడుమ భూమిని విడిచినట్లే మొదట భావింతురు. ఆ సమయమున ఊహించుటకు సాధ్యము కాని సంగతి యని వాడు రుజువు చేయగలిగిన మినహాయింపు కలదు.

మన చెన్నపట్టణపు దరఖాస్తు

అమెరికా సంగతులు మనకెందుకని అనువారుందురు. చెన్నై పేటెంటు ఆఫీసులో పుట్టి, హైదరాబాదు మందుల కంపెనీలు ఎదిరించి, ఢిల్లీ సుప్రీంకోర్టులో ముగిసిన కేసు మనకే కలదు. అది గుడ్డల కేసు కాదు, రక్తపు కేన్సరు మందు కేసు. అయినను దస్త్రముల బలము తెలియుటకు మన దేశములో దానికి మించిన ఉదాహరణ లేదని నా అభిప్రాయము.

ఇమాటినిబ్ అను మందు జ్యూర్గ్ జిమ్మర్‌మన్ అను శాస్త్రజ్ఞుడు కనిపెట్టినది. అది చేరిన మందుల కుటుంబమునకు 1996 మేలో అమెరికాలో పేటెంటు వచ్చినది. తరువాత ఇమాటినిబ్‌ను మెసిలేట్ అను లవణముగా మార్చి, ఆ లవణమును బీటా అను ఒక స్ఫటికరూపమున తయారుచేసి, ఆ రూపమునకు వేరుగ పేటెంటు కావలెనని నోవార్టిస్ కంపెనీ 1998 జులై 17న చెన్నైలో దరఖాస్తు చేసినది. మందులకు వస్తు పేటెంటు ఇచ్చు సవరణ 2005లో వచ్చువరకు దరఖాస్తు పెట్టెలోనే యుండెను. పెట్టె తెరిచిన వెంటనే ఐదు అభ్యంతరములు దాఖలైనవి. అందు హైదరాబాదు వారివి రెండు: నాట్కో ఫార్మా, హెటెరో డ్రగ్స్. మిగిలినవి సిప్లా, రాన్‌బాక్సీ కంపెనీలవియు, కేన్సరు రోగుల సహాయ సంఘము వారిదియు. పేటెంటు మందు నెలకు సుమారు 1,20,000 రూపాయలు పడగా, మన కంపెనీల మందు సుమారు పదవ వంతు ధరకే దొరకెడిది. పందెము ఎంతటిదో దీనివలన తెలియును.

చెన్నై ఆఫీసు 2006 జనవరిలో దరఖాస్తును త్రోసివేసెను. 2009లో అప్పీలు బోర్డును పేటెంటు ఇచ్చుటకు నిరాకరించెను (ఆ బోర్డు 2021లో రద్దయినది). సుప్రీంకోర్టులో నోవార్టిస్‌వారి ముఖ్య వాదములలో ఒకటి ఇది: జిమ్మర్‌మన్ పేటెంటులో బయటపెట్టినది ఇమాటినిబ్ మూలపదార్థము మాత్రమే, మెసిలేట్ లవణము అందులో లేదు, కావున లవణమును, దాని స్ఫటికమును పిమ్మట కనిపెట్టిన క్రొత్త వస్తువులు.

అప్పుడు కోర్టువారు ఇతర ఆఫీసులలో కంపెనీ చెప్పిన మాటలను ఎదుట పెట్టుకొనిరి. గ్లీవెక్ అను ఆ మందు అనుమతికి పట్టిన కాలమునకు ప్రతిగా జిమ్మర్‌మన్ పేటెంటు గడువు పొడిగింపుమని అమెరికాలో కంపెనీయే అర్జీ పెట్టినది. గ్లీవెక్ అనగా మెసిలేట్ లవణమే. ఆ లవణము జిమ్మర్‌మన్ పేటెంటులోనిది కానిచో దాని పేరు చెప్పి గడువు అడుగుట ఎట్లు? అంతటితో పోలేదు. నాట్కోవారు వీనాట్ అను పేరుతో ఇదే మందును ఇంగ్లండులో అమ్మబోగా, అది జిమ్మర్‌మన్ పేటెంటునకు భంగమని 2004లో నోవార్టిస్ పక్షమున నోటీసు పోయినది. అమ్మువానిని ఆపుటకు "అది మా పాత పేటెంటులోనే కలదు", క్రొత్త పేటెంటు పొందుటకు "అది పాత పేటెంటులో లేదు"; ఈ రెండు మాటలును ఒక్క నోట వచ్చినవి. హైదరాబాదు కంపెనీకి భయపెట్టుటకు వచ్చిన కాగితమే తుదకు పంపినవారికి అడ్డుపడినది.

2013 ఏప్రిల్ 1న న్యాయమూర్తులు ఆఫ్తాబ్ ఆలం, రంజనా ప్రకాశ్ దేశాయిగార్లు నోవార్టిస్ అప్పీలును కొట్టివేసిరి. మెసిలేట్ లవణము పాత పేటెంటునుండి తెలిసినదే యనియు, బీటా స్ఫటికము చట్టము 3(డి) సెక్షను పరీక్షకు నిలువలేదనియు నిర్ణయించిరి. పేటెంటు ఆక్రమించు హద్దునకును అందు బయటపెట్టిన విషయమునకును నడుమ పెద్ద అగాధముండుటను వారు ఒప్పుకొనలేదు. వస్తువు యొక్క విలువనుబట్టి గాక వకీళ్ల వ్రాత నేర్పునుబట్టి హద్దు తేలు దారిన ఈ దేశపు న్యాయము పోరాదని వారి భావము. జాగ్రత్తగా చూచినచో ఇందు సాక్ష్యమైనది ఆ చెన్నై దరఖాస్తు దస్త్రము కాదు. దాని అన్నగారి దస్త్రము, మరియు అన్నగారి పేరిట బయటికి వ్రాసిన జాబు. ఒక కుటుంబములోని పేటెంటుల నన్నిటిని కలిపి చూడవలెననుటకు ఇదియే కారణము.

ఎంతవరకు నమ్మవచ్చును

దస్త్రము చేతిలో నున్నంత మాత్రమున గెలుపు మనదని తలచుట పొరపాటు. పేటెంటుదారుడు దస్త్రములో చెప్పిన మాట వానికి అడ్డుకట్టయగునని మన చట్టములో ప్రత్యేకముగ ఒక సెక్షను లేదు. కోర్టువారు మొదట చూచునది క్లెయిము మాటలను, వివరణ పత్రమును. 1978లో మన సుప్రీంకోర్టువారు మిర్జాపురపు పాత్రల తయారీదారుల కేసులో, క్లెయిములను వివరణతో కలిపి చదువవలెనను సూత్రమును స్థిరపరచిరి. దస్త్రము తరువాతి మెట్టు. ఇంగ్లండు సుప్రీంకోర్టువారు 2017లో ఇంకను పొదుపుగా మాటలాడిరి. క్లెయిము అర్థము నిజముగా సందేహాస్పదమై, దస్త్రము ఆ సందేహమును నిస్సంశయముగ తీర్చునప్పుడో, దస్త్రమును విస్మరించుట ప్రజాహితమునకు విరుద్ధమైనప్పుడో మాత్రమే దానిని చూతుమనిరి.

అయినను మన చట్టములో దస్త్రమునకు బలమిచ్చు సెక్షనులు రెండు కలవు. 59వ సెక్షను ప్రకారము సవరించిన క్లెయిము సవరణకు ముందున్న క్లెయిము హద్దునకు పూర్తిగా లోబడి యుండవలెను. హద్దు లోనికి జరుగవచ్చునుగాని బయటికి జరుగరాదు. సవరణకు ముందేమున్నదో తెలియనిదే దీనిని పరీక్షించుట యెట్లు? 8వ సెక్షను ప్రకారము అదే వస్తువునకు ఇతర దేశములలో పెట్టిన దరఖాస్తుల సంగతి మన ఆఫీసుకు తెలుపవలెను. తెలుపకుండుట పేటెంటు రద్దునకు ఒక కారణము కాగలదు. ఆ జాబితాను పట్టుకొని పోయినచో విదేశపు దస్త్రముల దారియు దొరకును.

తాము దరఖాస్తు పెట్టువారికి

ఇంతవరకు నోటీసు అందుకొనువాని పక్షమున చెప్పితిని. మనవారు పేటెంటు పొందుటయు లేకపోలేదు. తెలంగాణలోని ఆలేరు ప్రాంతపు నేత కుటుంబములో పుట్టిన చింతకింది మల్లేశముగారు, చిటికీ చీరెకై తమ తల్లి లక్ష్మిగారు ఆసు పోయుటలో చేతిని వేలసార్లు ఇటునటు త్రిప్పి భుజము నొప్పితో బాధపడుట చూచి, 1999లో లక్ష్మీ ఆసు యంత్రమును తయారుచేసిరి. 2011లో దానికి పేటెంటు లభించెను. 2017లో పద్మశ్రీ వచ్చెను. ఆసు పోయుట అనాదిగా వచ్చుచున్న పని. దానిపై ఎవరికిని పేటెంటు ఉండదు. పేటెంటు ఆ పనిని చేయు ఒక యంత్రపు అమరికకు. ఈ భేదమును నిలుపునవి క్లెయిములు, ఆ క్లెయిములకు సాక్షి దస్త్రము.

కావున మన ఊరి ఫిట్టరు కొకనికి మంచి యుక్తి తోచి దరఖాస్తు పెట్టినచో, పరీక్షకుని ఆక్షేపణకు వ్రాయు ప్రతి జాబును దస్తావేజు వలె ఎంచవలెను. తొందరపడి "నా పరికరము చేమగ్గమునకు మాత్రమే, మరమగ్గమునకు కాదు" అని వ్రాసి పేటెంటు పొందినవాడు, రేపు మరమగ్గమువారు దానిని వాడుకొనుచున్నప్పుడు చేతులు కట్టుకొని చూడవలసివచ్చును. పాత పద్ధతి నొకదానిని పనికిమాలినదని తిట్టి గెలిచినవాడు, ఆ పద్ధతియే తన క్లెయిములోనిదని తరువాత చెప్పుటకు సిగ్గుపడవలెను. అవసరమునకు మించి ఒక్క మాటయు వ్రాయకుండుట మేలు. మంచి పేటెంటు ఏజెంటు కొద్ది మాటలలోనే జాబు వ్రాయును. పుటల కొలది వ్రాసినవానికే ఫీజు హెచ్చుగ ఇయ్యవలెనను భ్రమ మనవారిలో కలదు.

దస్త్రము చూచుట ఎట్లు

ఇది ఒకప్పుడు చెన్నైకి రైలెక్కవలసిన పని. ఇప్పుడు పేటెంటు ఆఫీసు వెబ్‌సైటులో ప్రకటితమైన దరఖాస్తుల దస్త్రములు రుసుము లేకయే చూడవచ్చును. తమిళనాడు, ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక, కేరళ రాష్ట్రముల దరఖాస్తులు చెన్నై ఆఫీసు పరిధిలోనివి. అమెరికా, ఐరోపా ఆఫీసుల దస్త్రములును అట్లే ఉచితముగ దొరకును. కాగితములన్నియు దాదాపు ఇంగ్లీషులో నుండును. మన పిల్లలలో ఇంజనీరింగు చదివినవారు లేని వీధి లేదు. మొదటి చదువు వారిచేత చదివించి, పిమ్మట వకీలు వద్దకు పోయినచో వకీలుకును పని తేలికయగును.

నోటీసులోని పేటెంటు సంఖ్యతో వెదకినచో దరఖాస్తు సంఖ్య తెలియును. ముందుగా చూడవలసినది పేటెంటు బ్రతికి యున్నదా యని. గడువు దాఖలు చేసిన తేదీ మొదలు 20 సంవత్సరములు. నడుమ రుసుము కట్టకున్నచో అంతకు ముందే పోవును. రద్దయిన పేటెంటుయొక్క అచ్చు ప్రతియు చూచుటకు బ్రతికియున్నదానివలెనే యుండును. గాయము మాన్పుటకు పసుపు వాడు పద్ధతిపై అమెరికాలో 1995లో ఇచ్చిన పేటెంటు, మన శాస్త్ర పారిశ్రామిక పరిశోధనా మండలివారు పాత గ్రంథములు, వ్యాసములు చూపి ఎదిరింపగా, 1997లో క్లెయిములను ఆ ఆఫీసే తిరస్కరించుటవలన పోయినది. కట్టు గుడ్డకు పసుపు పట్టింపబోవు నేతగానికి ఆ 1995 నాటి ప్రతి నొకదానినే ఎవరైన చూపినచో ఏమగునో ఊహించుకొనవచ్చును.

పిమ్మట మొదట దాఖలైన క్లెయిములను, తుదకు మంజూరైన క్లెయిములను రెండు కాగితములపై ప్రక్కప్రక్కన పెట్టవలెను. రెండవదానిలో క్రొత్తగా చేరిన ప్రతి మాట క్రింద ఎర్ర సిరాతో గీత గీయవలెను. ప్రతి గీతకును వెనుక ఒక ఆక్షేపణయు ఒక జాబును ఉండును. మొదటి పరీక్షా నివేదిక, దానికి ఆరు నెలలలోపల ఇచ్చిన బదులు, విచారణ తరువాత సమర్పించిన వ్రాతపూర్వక వాదము, అభ్యంతరములు వచ్చియున్నచో వాని కాగితములు, ఈ వరుసను చదువవలెను. గీత గీచిన మాటలలో మన గుడ్డలో గాని మన మగ్గములో గాని లేని మాట యొకటి దొరకినచో, ఆ పుటను, దానిని చేర్చుటకు కారణము చెప్పిన జాబును నకలు తీసి, తేదీలతో సహా నోటీసుకు బదులు వ్రాయు వకీలు చేతికియ్యవలెను. నోటీసులో పెట్టిన గడువు ముగియకముందే ఈ పని కావలెను.